తొమ్మిదో తరగతి నుంచి ఇంట్లోనే చదువు: ఎలెక్టివ్స్ ఎన్ని, ఏవి?

వసారా_కబుర్లు

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయికి ఈ మే నెలతో ఎనిమిదో తరగతి అయిపోతుంది. ఆరో తరగతి నుంచి ఇంట్లోనే చదివిస్తున్నాం. మిడిల్ స్కూల్ వరకు ఎవరు ఏమన్నా నవ్వుతూ దాటేశాను. హైస్కూల్ అనేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. క్రెడిట్లు నేనే లెక్క వేయాలట, మార్కులు నేనే వేయాలట, ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీకి పంపే మార్కుల పట్టీ) మీద సంతకమూ నాదేనట.

మొన్న కూర్చుని తొమ్మిదో తరగతికి తప్పనిసరి సబ్జెక్టులూ, మనమే ఎంచుకునే ఎలెక్టివ్సూ కలిపి ఒక లిస్టు రాశాను. ఇంగ్లిష్, జామెట్రీ, బయాలజీ, వరల్డ్ హిస్టరీ, స్పానిష్, తెలుగు, కంప్యూటర్ సైన్స్, కూచిపూడి, పబ్లిక్ స్పీకింగ్, పర్సనల్ ఫైనాన్స్, పీఈ (వ్యాయామం). రాసి చూసుకుంటే నాకే కళ్ళు తిరిగాయి. మావారికి చూపిస్తే కంప్యూటర్ సైన్స్ ఉంచి, ఇంకో మ్యాథ్స్ కోర్సు కలిపి, మిగతావన్నీ శని ఆదివారాల్లోకి తోసేశారు. అత్తయ్యగారైతే ఫోన్ చేసినప్పుడల్లా "పిల్లకి సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా?" అని ఒకటే మాట.

పిల్ల సంగతి కూడా చెప్తాను. కూచిపూడి చిన్నప్పటి నుంచి నేర్చుకుంటోంది, ఇష్టంగానే. లెక్కలు బాగానే చేస్తుంది కానీ ఇష్టంగా కాదు. రెండేళ్ళుగా పిట్టల పిచ్చి పట్టుకుంది. పొద్దున్నే బాల్కనీలో నిలబడి ఏం వచ్చాయి, ఎన్ని వచ్చాయి అని నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఈమధ్య కుకీలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతానంటోంది. వీటిలో ఏవైనా చదువు కిందకి వస్తాయా? డాన్స్‌కీ తెలుగుకీ క్రెడిట్ ఇవ్వొచ్చా? నాలుగేళ్ళకి మొత్తం ఎన్ని క్రెడిట్లు ఉండాలి? పిట్టల్ని చూడటం కూడా సబ్జెక్టేనా అని ఇంట్లో నవ్వుతున్నారు. ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి. మేం హెచ్1బీ వర్క్ వీసా, పిల్ల దాని మీద వచ్చే హెచ్4 డిపెండెంట్ వీసా.

గోదారి_గట్టు

ఏమీ అనుకోకండి, అక్కడ అంత మంచి పబ్లిక్ స్కూళ్ళు ఉండగా ఈ తలనొప్పి ఎందుకండీ? ఎలెక్టివ్స్ అన్నీ వాళ్ళే పెడతారు, ఆర్కెస్ట్రా నుంచి రోబోటిక్స్ దాకా. మీరు ఇంట్లో ఎన్నని పెట్టగలరు?

చింతచిగురు

గోదారి_గట్టు గారూ, ఆవిడ అడిగింది స్కూల్లో వేయాలా వద్దా అని కాదు కదా. ఆ చర్చ ఇక్కడ వారానికోసారి జరుగుతూనే ఉంటుంది, దాన్ని అక్కడే ఉంచుదాం.

వసారా_కబుర్లు గారూ, మా అబ్బాయి ఇంట్లోనే హైస్కూల్ ముగించి కాలేజీలో ఉన్నాడు, అమ్మాయి ఇప్పుడు పదకొండులో ఉంది. మేమూ టెక్ససే, హ్యూస్టన్ వైపు. కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదువుకోండి.

ముందు మీ అత్తయ్యగారి ప్రశ్న. సర్టిఫికెట్ మీరే ఇస్తారు. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని చట్టం ప్రైవేట్ స్కూల్ కింద చూస్తుంది, 1994లో లీపర్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నిజాయితీగా చెప్పాలి. అంతకు మించి ఇన్ని క్రెడిట్లు ఉంటేనే గ్రాడ్యుయేషన్ అని రాష్ట్రం మిమ్మల్ని అడగదు. ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీలు హోమ్‌స్కూల్ పిల్లల్ని స్కూలు పిల్లలతో సమానంగా చూడాలని కూడా చట్టంలో ఉంది. కాబట్టి మీరు లెక్కపెట్టే క్రెడిట్లు రేపు అప్లికేషన్ చదివే కాలేజీవాళ్ళకి అర్థం కావడానికే. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం భయం పోతుంది.

ఒక క్రెడిట్ అంటే సుమారు 120 గంటల పని, అర క్రెడిట్‌కి 60. దీన్నే కార్నెగీ యూనిట్ అంటారు. లెక్కలు, సైన్స్ లాంటి వాటికి గడియారం పట్టుకుని కూర్చోనక్కర్లేదు, ఏడాదికి సరిపడే పుస్తకం నిజంగా పూర్తి చేస్తే అదే ఒక క్రెడిట్. గంటలు రాసుకోవాల్సింది పుస్తకం లేని వాటికి. అంటే మీ ఎలెక్టివ్స్‌కే.

నాలుగేళ్ళ అస్థిపంజరం ఇలా ఉంటే చాలా కాలేజీలకి సరిపోతుంది: ఇంగ్లిష్ నాలుగు, లెక్కలు నాలుగు, సైన్స్ మూడో నాలుగో (అందులో రెండైనా ల్యాబ్‌తో), హిస్టరీ, గవర్నమెంట్, ఎకనామిక్స్ కలిపి మూడు మూడున్నర, ఒకే భాష వరసగా రెండు మూడేళ్ళు, ఫైన్ ఆర్ట్స్ ఒకటి, పీఈ ఒకటి. ఇదంతా 18 నుంచి 20 దాకా వస్తుంది. పైన ఎలెక్టివ్స్ నాలుగు నుంచి ఆరు. మొత్తం 22, 26 మధ్య ఎక్కడున్నా ఎవరూ వేలెత్తి చూపరు. యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) చేర్పించాలని ఉంటే వాళ్ళు అడిగే సబ్జెక్టుల ఏ టు జీ లిస్టు ఇప్పుడే చూసుకోండి, హోమ్‌స్కూల్ పిల్లల విషయంలో అక్కడ పట్టింపులు ఎక్కువ.

ఇక మీ లిస్టు. పదకొండు సబ్జెక్టులు తొమ్మిదో తరగతి పిల్ల మీద వేయకండి. ఆరు, మహా అయితే ఏడు. పర్సనల్ ఫైనాన్స్ తీసుకెళ్ళి పన్నెండులో ఎకనామిక్స్ పక్కన పెట్టండి. అప్పటికి పిల్ల కాలేజీ ఫీజులు, క్రెడిట్ కార్డు మాటలు ఎలాగూ వింటుంది కాబట్టి చెవికెక్కుతుంది. పబ్లిక్ స్పీకింగ్ పదిలోకి. స్పానిష్, తెలుగు రెండూ ఒకేసారి వద్దు. స్పానిష్ పిల్ల అడిగి పెట్టుకుందా, లేక అందరూ పెడుతున్నారని మీరు పెట్టారా? రెండోదైతే కొట్టేయండి.

తెలుగుకి క్రెడిట్ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ట్రాన్‌స్క్రిప్ట్‌లో 'వరల్డ్ లాంగ్వేజ్: తెలుగు 1' అని రాయండి. ఇంట్లో మాట్లాడుతుంది కాబట్టి క్రెడిట్ వేశాం అంటే మాత్రం కుదరదు. చదవడం, రాయడం, వ్యాకరణం, ఏదో ఒక పెద్ద పని ఉండాలి. మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మని ఫోన్‌లో మాట్లాడించి, రికార్డు చేసి, ఆవిడ మాటల్ని ఉన్నదున్నట్టు తెలుగులో రాసి, పక్కనే ఇంగ్లిష్ చేసింది. "కరువొచ్చిన ఏడు మీ తాతయ్య ఎద్దుల్ని తోలుకుని పై ఊళ్ళకి పోయాడు" అన్న వాక్యం దగ్గర గంట సేపు ఆగింది. తోలుకుని అంటే ఏమిటి, పై ఊళ్ళు అంటే ఎక్కడ, ఏడాదిని కరువుతో ఎందుకు గుర్తుపెట్టుకున్నారు అని ఒకటే ప్రశ్నలు. అది భాష నేర్చుకోవడం. బయటివాళ్ళ ముద్ర కావాలనుకుంటే ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడి లాంటి చోట చేర్పించొచ్చు, లేదా భాషా సామర్థ్యాన్ని కొలిచే యాక్ట్‌ఫుల్ వాళ్ళ మౌఖిక పరీక్ష తెలుగులో ఉంది, అది రాయించొచ్చు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో తెలుగు లేదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు అసలు సంగతి, ఎలెక్టివ్స్. మన ఇళ్ళలో ఎలెక్టివ్ అంటే రెండే అర్థాలు. ఒకటి, అడ్మిషన్ ఆఫీసుని మెప్పించడానికి పెట్టే నగ. రెండు, లెక్కల పరీక్ష రాగానే మొదట కోసిపారేసేది. ఈ రెండూ కాకుండా చూడాలంటే నాకు తెలిసిన దారి ఒకటే. ఎవరూ చెప్పకపోయినా పిల్ల దేని మీద గంటలు పోస్తోందో చూడండి. దానికి కొంత చదువు, కొంత రాత, చివర్లో చేతికి దొరికే ఒక వస్తువు జోడించండి. అది కోర్సు అవుతుంది. కేటలాగ్ ముందు పెట్టుకుని పిల్లని అందులో ఇరికిస్తే నవంబర్‌కల్లా ఇద్దరూ ఏడుస్తారు.

మీ కూచిపూడినే తీసుకోండి. క్లాసుకి వెళ్ళి రావడం ఒక యాక్టివిటీ. క్రెడిట్ కావాలంటే నేనైతే కోర్సు వివరణ ఇలా రాస్తాను:

"కూచిపూడి: ప్రయోగం, చరిత్ర. ఫైన్ ఆర్ట్స్, 1 క్రెడిట్. గురువు దగ్గర వారం వారం శిక్షణ, ఇంట్లో సాధన. కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలోని మగవాళ్ళ మేళాల నుంచి ఈ నాట్యం ఎలా ఎదిగింది, సిద్ధేంద్ర యోగి పేరుతో చెప్పే భామాకలాపం, ఆడవేషాల సంప్రదాయం, ఇరవయ్యో శతాబ్దంలో స్త్రీలు ఇందులోకి రావడం, 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించడం. రాతపని: సత్యభామ పాత్రతో పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ మీద పరిశోధన వ్యాసం. చివరి పని: ఒక తరంగంలో పళ్ళెం మీద వేసే భాగానికి జతులు రాసి, వివరించి, ప్రదర్శించడం."

ఇది చదివిన అడ్మిషన్ ఆఫీసర్‌కి కూచిపూడి అంటే తెలియకపోయినా పిల్ల ఏం చేసిందో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త. సాధన గంటల్ని క్రెడిట్‌లో రాశాక అవే గంటల్ని మళ్ళీ పీఈలోనూ యాక్టివిటీస్‌లోనూ రాయకండి. క్లాసు, సాధన, రాతపని కోర్సుకి. గుడిలో, అసోసియేషన్ ఫంక్షన్లలో ఇచ్చే ప్రదర్శనలు యాక్టివిటీస్‌కి. పీఈకి ఈతో, నడకో వేరే ఏదైనా చూడండి.

లెక్కలు ఇష్టం లేదన్నారు కాబట్టి ఇంకో మాట. మా అమ్మాయికీ పర్ముటేషన్లు గిట్టేవి కావు. కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది కదా అని మ్యూజిక్ థియరీ అర క్రెడిట్ పెట్టాను. మేళకర్తలు, అంటే మిగతా రాగాలకి మూలమైన రాగాలు, 72 ఎందుకు, 100 ఎందుకు కావు అని అడిగాను. స, ప మారవు. మధ్యమం రెండు రకాలు. రిషభాలు మూడు, గాంధారాలు మూడు, అంటే తొమ్మిది జంటలు రావాలి. కానీ గాంధారం ఎప్పుడూ రిషభం కంటే పైనే ఉండాలి. శుద్ధ రిషభానికి గాంధారాలు మూడూ కుదురుతాయి, చతుశ్శ్రుతికి రెండే, షట్శ్రుతికి ఒక్కటే. మూడూ రెండూ ఒకటీ, ఆరు. ధైవత నిషాదాలకీ అలాగే ఆరు. ఆరు ఆర్లు ముప్పై ఆరు, మధ్యమాలు రెండు కాబట్టి డెబ్బై రెండు. పిల్ల కాగితం మీద వేసి, ఒక్కొక్కటీ పాడి చూసుకుని, ఆ తర్వాత లెక్కల పుస్తకంలో ఆ పాఠం తనే తెరిచింది. మీవారు కలపమన్న "ఇంకో మ్యాథ్స్ కోర్సు" చేయలేని పని అది.

లీహై_నాన్న

చింతచిగురు గారు చెప్పింది బాగుంది, కానీ టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి ఇంత తేలిగ్గా చెప్పగలిగారు. హెచ్1బీ అన్నారు కదా, రేపు ప్రాజెక్టు మారి ఇంకో రాష్ట్రానికి వెళ్ళాల్సి వస్తే? మేము టెక్సస్ నుంచి పెన్సిల్వేనియా వచ్చాం, అందుకే చెప్తున్నాను.

ఇక్కడ ఏటా అఫిడవిట్ ఇవ్వాలి. ఏడాదికి 180 రోజులు లేదా హైస్కూల్ స్థాయిలో 990 గంటల చదువు చూపించాలి. పిల్ల చేసిన పని పోర్ట్‌ఫోలియోగా పెట్టి, అర్హత ఉన్న ఎవాల్యుయేటర్‌కి చూపించి, ఉత్తరం తీసుకుని, జూన్ 30 లోపు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి అందించాలి. గ్రాడ్యుయేషన్‌కి 9 నుంచి 12 లోపు ఇంగ్లిష్ నాలుగేళ్ళు, లెక్కలు, సైన్స్, సోషల్ మూడేసి ఏళ్ళు, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ రెండేళ్ళు అని చట్టంలోనే ఉంది. న్యూయార్క్ అయితే ఏడాది మొదట్లో ప్లాన్ ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. అందుకని ఏ రాష్ట్రంలో ఉన్నా చదివిన పుస్తకాల జాబితా, గంటల లాగ్, ఒక్కో సబ్జెక్టులో మొదట్లో, మధ్యలో, చివర్లో చేసిన పని నమూనాలు ఒక ఫైల్లో పెట్టుకోండి. రాష్ట్రం మారినప్పుడు ఆ ఫైలే మిమ్మల్ని కాపాడుతుంది.

కుకీల గురించి ఎవరూ ఇంకా అనలేదు కాబట్టి నేనంటాను. హెచ్4లో ఉన్న పిల్లలకి సంపాదించే అనుమతి లేదు. ఆన్‌లైన్‌లో అమ్మి డబ్బు తీసుకుంటే రేపు వీసా దగ్గర అనవసరమైన ప్రశ్నలు వస్తాయి. పెయిడ్ ఇంటర్న్‌షిప్ కూడా అంతే. ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ ఎలెక్టివ్ ముచ్చట ఉంటే బిజినెస్ ప్లాన్ రాయించండి, ఒక్కో కుకీకి ఖర్చెంత, ఎంతకి అమ్మితే ఏం మిగులుతుంది అని లెక్క వేయించండి, అమ్మకం దగ్గర ఆపేయండి. అంతకు మించి ఏం చేయాలన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, ఫోరమ్‌లో మమ్మల్ని కాదు.

ఏపీ విషయం కూడా. ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు మీ సిలబస్ ఆమోదించకుండా ట్రాన్‌స్క్రిప్ట్‌లో కోర్సు పేరు ముందు 'ఏపీ' అని పెట్టకూడదు. హోమ్‌స్కూల్ తల్లిదండ్రులూ ఆ ఆమోదం కోసం వాళ్ళ ఆడిట్‌కి సిలబస్ పంపొచ్చు. పంపకపోతే కోర్సుని ఆనర్స్ అని రాసి, పరీక్ష మాత్రం రాయించి స్కోరు చూపించండి. పరీక్షలు మేలో ఉంటాయి కానీ బయటి పిల్లల్ని రానిచ్చే స్కూలు వెతుక్కోవడం ఆగస్టు, సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టాలి. నవంబర్ దాటాక ఫోన్ చేస్తే ఎవరూ పలకరు.

వసారా_కబుర్లు

ఇద్దరికీ చాలా థాంక్సండీ. కుకీల సంగతి అస్సలు తట్టలేదు, ఇవాళే దానికి చెప్తాను, అలుగుతుంది.

స్పానిష్ మీద చింతచిగురు గారి ఊహ కరెక్టే, పక్కింటివాళ్ళు పెట్టారని పెట్టాను. ఇంకా రెండు సందేహాలు. అమ్మే టీచర్, అమ్మే మార్కులు వేస్తే ఆ 'ఏ' గ్రేడుని ఎవరు నమ్ముతారు? ఇంకోటి, పిట్టల సంగతి ఎవరూ చెప్పలేదు. దాన్ని సైన్స్ కింద రాయొచ్చా, హాబీ అని వదిలేయాలా? మావారు ఈ థ్రెడ్ చదువుతున్నారు, కాస్త గట్టిగా చెప్పండి.

ఇంట్లో_చదివినోణ్ణి

అక్కా, నేను హైస్కూల్ మొత్తం ఇంట్లోనే చదివాను, ఇప్పుడు కాలేజీలో సెకండ్ ఇయర్. తెలుగు టైపింగ్ స్లో, తప్పులుంటే క్షమించండి.

గ్రేడ్ నమ్మడం గురించి: నా అప్లికేషన్‌లో అమ్మ వేసిన గ్రేడ్‌లు ఉన్నాయి, వాటి పక్కన పదకొండులో కమ్యూనిటీ కాలేజీలో చేసిన కెమిస్ట్రీ, ఇంగ్లిష్ కంపోజిషన్ గ్రేడ్‌లు ఉన్నాయి, శాట్ (కాలేజీ ప్రవేశాలకి రాసే పరీక్ష) స్కోర్ ఉంది. మూడూ ఒకే కథ చెప్తే ఎవరికీ డౌట్ రాదు. రికమెండేషన్ లెటర్ కూడా ఆ కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఇచ్చారు. ఇంట్లో చదివే పిల్లలకి లెటర్ రాసేవాళ్ళు దొరకడమే అసలు కష్టం, అమ్మానాన్న రాస్తే లెక్కలోకి రాదు. చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్ పంపే కామన్ యాప్‌లో అమ్మ కౌన్సెలర్ హోదాలో వేరే ఫారం నింపాలి, అది వేరే.

ఇంకోటి. నాకు అమ్మ పెట్టిన ఎలెక్టివ్స్‌లో కోడింగ్ గురించి కాలేజీవాళ్ళు ఎవరూ అడగలేదు. అందరికీ ఉంది కదా. కుట్టుపని గురించి అడిగారు. మా అమ్మ మిషన్ మీద నేను బ్యాక్‌ప్యాక్ కుట్టాను, ప్యాటర్న్ నేనే గీసి. ఇంటర్వ్యూలో సగం టైం దాని మీదే పోయింది.

చింతచిగురు

పై తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. డాలస్ కాలేజ్, కాలిన్ కాలేజ్ రెండిట్లోనూ హోమ్‌స్కూల్ పిల్లలకి డ్యుయల్ క్రెడిట్ (ఒకే కోర్సుకి హైస్కూల్, కాలేజీ రెండు క్రెడిట్లూ) ఉంది. ఇంట్లో కష్టమైన ల్యాబ్ సైన్స్‌ని పదకొండులో అటు తోసేయండి. యాసిడ్లూ వెంటిలేషనూ మన వంటింట్లో కుదిరే పనులు కావు. కాలేజీలో ఒక సెమిస్టర్ చేసిన కోర్సుకి చాలామంది తల్లిదండ్రులు ఒక పూర్తి క్రెడిట్ వేస్తారు, కొందరు అర వేస్తారు. ఏది ఎంచుకున్నా నాలుగేళ్ళూ ఒకే పద్ధతి పాటించి, ట్రాన్‌స్క్రిప్ట్ అడుగున ఒక లైను రాయండి.

గ్రేడ్ల విషయంలో నాదొక నియమం ఉంది. ఏడాది మొదలుకాక ముందే ఈ కోర్సులో దేనికెంత అని రాసి ఫ్రిజ్ మీద అంటించేస్తాను. పరీక్షలకి ఇంత, ల్యాబ్ రిపోర్టులకి ఇంత, చివరి పనికి ఇంత. మధ్యలో మార్చను. పిల్ల మీద కోపం వచ్చిన రోజూ, జాలి వేసిన రోజూ అదే కాగితం. లేకపోతే గ్రేడు పిల్ల చదువుకి కాకుండా మన మూడ్‌కి పడుతుంది. అన్నిట్లోనూ 'ఏ' వేయకండి. లెక్కల్లో 'బీ' వస్తే 'బీ'నే రాయండి, అది చూశాకే మిగతా 'ఏ'లని నమ్ముతారు.

ఇక పిట్టలు. మీవారు చదువుతున్నారన్నారు కదా, అయ్యా, నమస్కారం. మీరు కోరుకునే డేటా సైన్స్ కోర్సు మీ అమ్మాయి బాల్కనీలో రెండేళ్ళుగా నడుస్తోంది.

కోర్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళ ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని ఎక్కించే వెబ్‌సైట్) అకౌంట్ తెరవండి. ఊరికే 'కార్డినల్ చూశాను' అని రాస్తే దానికి పెద్ద విలువ లేదు. ఎన్ని గంటలకి మొదలుపెట్టాను, ఎన్ని నిమిషాలు చూశాను, ఎంత దూరం నడిచాను, ఏ పక్షి ఎన్ని, అన్నీ నింపాలి. కనపడని పక్షులు కనపడలేదన్నది కూడా సమాచారమే. కొన్ని నెలలు పోయాక తన డేటా మొత్తం ఫైల్‌గా దించుకోవచ్చు. అక్కడ నుంచి మీవారి పాఠం. శనివారం పిట్టలు ఎక్కువ కనిపించాయి, ఎందుకు? శనివారం పిట్టలు సెలవు పెట్టి మీ ఇంటికి రావు, మీ అమ్మాయి ఆ రోజు ఎక్కువ సేపు నిలబడింది, అంతే. కాబట్టి గంటకి ఎన్ని అని లెక్క కట్టాలి. ఆ భాగహారం ఎందుకు చేయాలో తనంతట తానే పట్టుకుంటే స్టాటిస్టిక్స్ మొదటి పాఠం వచ్చేసినట్టే. ఆ తర్వాత గ్రాఫు గీయడానికి పైథాన్ ప్రోగ్రామింగ్ కావాలని తనే అడుగుతుంది, అప్పుడు నేర్పండి. ముందు కాదు.

టెక్సస్‌లో ఉన్నందుకు మీకు ఇంకో అదృష్టం. వలస పక్షులు వసంతంలో, శరత్తులో మన తల మీదుగానే పోతాయి. కత్తెరలా తోక చీలిన ఫ్లైక్యాచర్, బ్రెజిల్ దాకా వెళ్ళొచ్చే పర్పుల్ మార్టిన్, రంగుల పెట్టె ఒలికినట్టుండే పెయింటెడ్ బంటింగ్. ఏది ఏ వారంలో వచ్చింది, ఏ వారంలో వెళ్ళిపోయింది అని నాలుగేళ్ళు రాస్తే అదే ఒక పరిశోధన. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. డిసెంబర్‌లో పక్షుల సంరక్షణ సంస్థ ఆడబాన్ వాళ్ళ క్రిస్మస్ బర్డ్ కౌంట్, 1900 నుంచి నడుస్తోంది. అందులో పెద్దవాళ్ళతో కలిసి లెక్కపెడితే పై తమ్ముడు చెప్పిన ఉత్తరం రాసే మనుషులు కూడా అక్కడే దొరుకుతారు.

రాత్రిపూట వలసపోయే పక్షులు దీపాలకి దారి తప్పి అద్దాల భవనాలకి కొట్టుకుని చచ్చిపోతుంటాయి. దాని మీద లైట్స్ అవుట్ టెక్సస్ అని ఒక ఉద్యమం ఉంది. పిల్ల తన లెక్కలు జతచేసి సిటీ కౌన్సిల్‌కి ఒక ఉత్తరం రాస్తే చట్టం అడిగే 'మంచి పౌరసత్వం' పాఠం కూడా అయిపోతుంది.

ట్రాన్‌స్క్రిప్ట్‌లో దీన్ని 'ఫీల్డ్ ఆర్నిథాలజీ, డేటా విశ్లేషణ' అని అర క్రెడిట్‌గా పదో తరగతిలో రాయండి. తొమ్మిదిలో బయాలజీని మాత్రం మామూలుగా, పుస్తకంతో, మైక్రోస్కోప్‌తో, ల్యాబ్ రిపోర్టులతో పూర్తి చేయించండి. ఆర్నిథాలజీ బయాలజీకి బదులు కాదు, దాని పైన కట్టేది. ఈ తేడా చెరిపేస్తే కాలేజీవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

అంటే మీ తొమ్మిదో తరగతి: ఇంగ్లిష్, జామెట్రీ, ల్యాబ్‌తో బయాలజీ, వరల్డ్ హిస్టరీ, తెలుగు 1, కూచిపూడి. పీఈ అర క్రెడిట్ సాయంత్రాల్లో. పిట్టలు ఈ ఏడాది నోట్‌బుక్‌లోనే, కానీ ఈబర్డ్‌లోకి ఇవాళ్టి నుంచే ఎక్కించండి. కంప్యూటర్ సైన్స్ పదిలో పిట్టలతో కలిసి వస్తుంది. యూఎస్ హిస్టరీ పదకొండులో చేస్తున్నప్పుడు మన వలస చరిత్ర కూడా ఒక అర క్రెడిట్‌గా కలపొచ్చు. 1923లో మన దేశం నుంచి వచ్చిన భగత్ సింగ్ థిండ్‌కి అమెరికా సుప్రీంకోర్టు పౌరసత్వం ఎందుకు కాదంది, 1946లో చట్టం ఏం మార్చింది, 1965లో ఏం మార్చింది. హెచ్4 మీద ఉన్న పిల్లకి ఈ పాఠం మీరు ఆసక్తిగా చెప్పాల్సిన పనే ఉండదు.

లీహై_నాన్న

ఒక సవరణ. పీఈకి కూడా లాగ్ పెట్టండి, 'సాయంత్రాలు' అని వదిలేయకండి. మా ఎవాల్యుయేటర్ మొదట అడిగింది అదే.

వసారా_కబుర్లు

మావారు మొత్తం చదివారు. పైథాన్ పదిలోనా, తొమ్మిది చివర్లో మొదలుపెట్టకూడదా అని అడగమంటున్నారు.

చింతచిగురు

వేసవిలో పెట్టుకోమనండి, క్రెడిట్ లేకుండా. తన డేటా ఫైల్ కనీసం ఆర్నెల్లది పోగయ్యాకే.